చిన్న గదిలో సరౌండ్ సౌండ్ – మన ‘ధ్వని’ పాఠం చెప్పే కిటుకులు

(విజ్ఞాన వ్యాసం – ఒక పూర్వ విద్యార్థి, ఐటీఐ ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్)



మనలో ఉద్యోగంలో చేరిన చాలామంది మొదటి జీతాలు కూడబెట్టి, లేదా వాయిదాల మీద, ఒక టీవీ, దానికి తగిన హోం థియేటర్ కొనుక్కోవాలని ఆశపడతారు. ఉండేది పది బై పన్నెండు అద్దె గది. షాపులో బ్రహ్మాండంగా మోగిన సెట్టు ఇంటికి తెచ్చాక ‘గుయ్’మంటుంది. పాటలో డప్పు దెబ్బకి కిటికీ తలుపులు అదురుతాయి గానీ, హీరో ఏం మాట్లాడాడో అర్థం కాదు. వాల్యూం పెంచితే పక్క పోర్షన్ వాళ్లు తలుపు తడతారు. అప్పుడు “ఇంకొంచెం ఖరీదైనది కొనాల్సింది” అనిపిస్తుంది.

మిత్రులారా, లోపం చాలాసార్లు సెట్టులో ఉండదు. గదిలోను, సెట్టును పెట్టిన చోటులోను ఉంటుంది. దాన్ని సరిచేసే శాస్త్రం హైస్కూలు నుంచి ఇంటర్ వరకు మన పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. పరీక్షలో మార్కులకే అనుకున్న ఆ పాఠం మన కష్టార్జితాన్ని ఎలా కాపాడుతుందో చూద్దాం.

1. ఏమిటీ 5.1?

మనకు రెండు చెవులున్నాయి కాబట్టి శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలుస్తుంది. దీన్ని సినిమాకు వాడుకోవాలనే ప్రయత్నం పాతదే. 1940లో వాల్ట్ డిస్నీ ‘ఫాంటాసియా’ చిత్రాన్ని కొన్ని హాళ్లలో ప్రేక్షకుల చుట్టూ స్పీకర్లు పెట్టి ప్రదర్శించారు. తెలుగులో 1986లో వచ్చిన కృష్ణ గారి ‘సింహాసనం’ తొలి 70 ఎంఎం చిత్రం. ఆరు ట్రాకుల స్టీరియో ధ్వని అందులో విశేషం. 1992లో ‘బ్యాట్‌మన్ రిటర్న్స్’ చిత్రంతో డాల్బీ డిజిటల్ థియేటర్లకు వచ్చింది. ఇళ్లలోకి వచ్చిన 5.1 దాని రూపమే.

5 అంటే ఐదు స్పీకర్లు: ముందు ఎడమ, ముందు కుడి, మధ్యన సెంటర్, పక్కల రెండు సరౌండ్‌లు. ఇవి మొత్తం ధ్వనిని మోస్తాయి. ఆరో చానల్ సుమారు 120 హెర్ట్జ్ లోపు ఉరుముల్లాంటి ధ్వనులను మాత్రమే మోస్తుంది. పూర్తి చానల్ కాదు కాబట్టి దాన్ని ‘.1’ అన్నారు. దాన్ని వినిపించే పెట్టెనే సబ్ వూఫర్ అంటాం.

2. గది ఏం చేస్తుంది?

ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. మనకు వినిపించే 20 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం 17 మీటర్లు. 10,000 హెర్ట్జ్ ధ్వనికి 3.4 సెంటీమీటర్లు మాత్రమే. ఒకటి మన గది కంటే చాలా పెద్దది, రెండోది అగ్గిపెట్టె కంటే చిన్నది. అందుకే గది ఈ రెండింటినీ ఒకేలా చూడదు.

సన్నని ధ్వనులు వెలుతురు అద్దం మీద పడినట్టు గోడల మీద పడి పరావర్తనం చెందుతాయి. ప్రతిధ్వని విడిగా వినపడాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని చదువుకున్నాం. మన గదిలో గోడ మూడు మీటర్లలోనే ఉంటుంది. కాబట్టి ప్రతిధ్వని విడిగా వినపడదు. అసలు మాటలో కలిసిపోయి దాన్ని చెరిపేస్తుంది. మాట అర్థం కాకపోవడానికి మొదటి కారణం ఇదే.

మందర ధ్వనులది, అంటే బేస్‌ది, వేరే కథ. ఎదురెదురు గోడల మధ్య అవి స్థిర తరంగాలుగా నిలబడతాయి. గోడల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగమైనప్పుడు అనునాదం వస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు. 340ని దాని రెట్టింపుతో, అనగా 7.32తో భాగిస్తే సుమారు 46 హెర్ట్జ్. 10 అడుగులకు లెక్కిస్తే 56 హెర్ట్జ్. గది ఎత్తు కూడా 10 అడుగులైతే 56 హెర్ట్జ్ దగ్గర రెండు అనునాదాలు ఒకదానిపై ఒకటి పడతాయి. డప్పు, బేస్ గిటార్ స్వరాలు ఉండేది ఆ ప్రాంతంలోనే. అవి ‘బుమ్’మంటాయి, మిగతావి మామూలుగా ఉంటాయి. ఎంత ఖరీదైన సెట్టు తెచ్చినా గోడలు మారవు కాబట్టి ఈ మోత మారదు.

3. సబైన్ దిండ్లు

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కావడం లేదని, ఏదైనా చేయమని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుణ్ణి కోరారు. ఆయన దగ్గర ఉన్న పరికరాలు ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం, తన చెవి. పక్కనున్న శాండర్స్ థియేటర్ సీట్ల దిండ్లను రాత్రిపూట మోసుకొచ్చి పరచి, ఎన్ని దిండ్లకు శబ్దం ఎంత త్వరగా ఆగుతుందో కొలిచాడు. ఖాళీ మందిరంలో శబ్దం అణగడానికి సుమారు 5.5 సెకన్లు పట్టేది. మొదటి మాట అణగేలోపు మరో వాక్యం పూర్తయిపోతుంటే ఎవరికి అర్థమవుతుంది?

ఆయన తేల్చిన సూత్రం చాలా సులువు. గది ఘనపరిమాణాన్ని (ఘనపు మీటర్లలో) గదిలోని మొత్తం శోషణంతో (చదరపు మీటర్లలో) భాగించి 0.161తో గుణిస్తే ప్రతినాద కాలం సెకన్లలో వస్తుంది. తెరిచిన కిటికీ ధ్వనిని తిరిగి పంపదు కాబట్టి ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీని ఒక యూనిట్ శోషణంగా తీసుకున్నాడు.

మన 10 × 12 × 10 అడుగుల గది ఘనపరిమాణం 34 ఘనపు మీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 63 చదరపు మీటర్లు. ఖాళీ సిమెంటు గోడ తన మీద పడిన ధ్వనిలో నూటికి మూడు వంతులు పీల్చుకుంటుందనుకుంటే మొత్తం శోషణం 1.9. ప్రతినాద కాలం దాదాపు 2.9 సెకన్లు! అదే గదిలో పరుపు, దళసరి కర్టెన్లు, బొంతలు, మనుషులు చేరి శోషణం 10 అయిందనుకోండి, ప్రతినాద కాలం అర సెకను చిల్లరకు దిగుతుంది. సెట్టు అదే, గది అదే. మార్పంతా గుడ్డ ముక్కలు తెచ్చింది.

4. ఏది ఎక్కడ పెట్టాలి?

10 × 12 గదిని ఉదాహరణగా తీసుకుందాం. టీవీని 10 అడుగుల గోడకు పెట్టండి.

కూర్చునే చోటు: టీవీ గోడ నుంచి 8 అడుగులు, వెనుక గోడకు 4 అడుగులు. వెనుక గోడకు ఆనుకుంటే బేస్ మరీ ఎక్కువ. సరిగ్గా మధ్యలో, అనగా 6 అడుగుల దగ్గర, పొడవు వైపు స్థిర తరంగానికి అస్పందన బిందువు వస్తుంది కాబట్టి ఆ బేస్ అక్కడ దాదాపు మాయమవుతుంది.

ముందు స్పీకర్లు: గోడకు ఒక అడుగు ఎడంగా, వాటి మధ్య 7 అడుగులు, చెవి ఎత్తులో, మీ వైపు కొద్దిగా తిప్పి. మీ ముక్కు సూటి నుంచి ఒక్కొక్కటి 22 నుంచి 30 డిగ్రీల లోపు రావాలి. ఈ కొలతకు సుమారు 27 వస్తుంది.

సెంటర్: సినిమాలో మాటలు ఎక్కువగా ఇందులోంచే వస్తాయి. దీన్ని అలమరా లోపలికి తోసేయకండి. టీవీ కింద బయటి అంచున పెట్టి, ముఖం మీ చెవి వైపు ఎత్తండి.

సరౌండ్‌లు: రెండు పక్క గోడలకు, మీ కంటే ఒక అడుగు వెనుకగా, చెవికి ఒకటి రెండు అడుగుల పైన. మూలల్లో పైకప్పు దగ్గర తగిలించడం అలవాటే గానీ మంచిది కాదు.

సబ్ వూఫర్: దీన్ని మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద తిరుగుతూ వినండి. ఎక్కడ డప్పు ‘బుమ్’మనకుండా స్పష్టంగా వినిపిస్తుందో అక్కడ సబ్ వూఫర్ పెట్టండి. చోట్లు తారుమారు చేసినా ఫలితం ఒకటే అనేది ఇందులోని సూత్రం. సుమారు 80 హెర్ట్జ్ లోపు ధ్వని ఎటు నుంచి వస్తుందో చెవి పట్టలేదు కాబట్టి సబ్ వూఫర్ ఏ పక్కనున్నా ఇబ్బంది లేదు.

తర్వాత సెట్టింగులు. ధ్వనికి ఒక అడుగు దాటడానికి సుమారు 0.9 మిల్లీసెకను పడుతుంది. దగ్గరి స్పీకర్ ధ్వని ముందే చేరితే చెవి అటే లాగబడుతుంది. రిసీవర్‌లో దూరాలు అడిగితే టేపుతో కొలిచి ఇవ్వండి. టెస్ట్ టోన్ వేసి, మీ చోట కూర్చుని, ఐదూ ఒకే స్థాయిలో వినిపించేలా సరిచేయండి. మాటలు ఇంకా తక్కువైతే సెంటర్‌ను ఒకటి రెండు డెసిబెల్ పెంచండి. అన్నిటినీ పెంచకండి.

5. గోడలకు మందు

మీరు కూర్చోండి. స్నేహితుణ్ణి పక్క గోడ వెంట ఒక అద్దం జరుపుతూ పొమ్మనండి. అద్దంలో మీకు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే ధ్వని అక్కడ తగిలి మీ చెవికి వస్తుంది. పతన కోణం, పరావర్తన కోణం సమానం కదా! అక్కడ ఒక దళసరి బొంత వేలాడదీయండి. గోడకు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంటే ఇంకా మేలు. వెనుక గోడకు పుస్తకాల అర పెడితే ధ్వనిని చెదరగొడుతుంది. నేల మీద జంపఖానా పరవండి.

గుడ్ల అట్ట ట్రేలు, థర్మోకోల్ షీట్లు అంటించవద్దు. అవి బేస్‌ను పట్టవు; పైగా నిప్పు త్వరగా అంటుకుంటుంది. బొంతలు గదిలో మోతను తగ్గిస్తాయి గానీ ధ్వని పక్కింటికి పోకుండా ఆపలేవు. అందుకే సబ్ వూఫర్‌ను ఉమ్మడి గోడకు దూరంగా, దళసరి మ్యాట్ మీద పెట్టండి.

6. వైర్లు, వాట్లు

సెట్టు ప్లగ్ తీశాకే వైర్లు ముట్టుకోండి. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక్కటి తిరగబడినా రెండు స్పీకర్ల శంకువులు ఎదురెదురుగా కదిలి బేస్ రద్దవుతుంది. గుర్తులు చెరిగిపోతే, ఆంప్లిఫయర్ నుంచి విడదీసిన స్పీకర్‌కు 1.5 వోల్ట్ సెల్ క్షణం పాటు తాకించండి. శంకువు బయటికి వస్తే సెల్ ధనధ్రువం తగిలిన కొస ‘ప్లస్’. 8 ఓంల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే 4 ఓంలవుతాయి. ఆంప్లిఫయర్ వెనుక రాసిన దానికంటే తగ్గితే అది కాలిపోవచ్చు.

టీవీ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి రెండు చానళ్లే వస్తాయి. 5.1 కావాలంటే ఆప్టికల్ వైరు గానీ, హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ గానీ వాడాలి.

ఇక వాట్లు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, పెద్ద షోరూంలో కొన్నా పెట్టె మీద ‘5000 వాట్ల పీఎంపీఓ’ అని చూసి మోసపోకండి. వెనుక ప్లేటు చూడండి. అది కరెంటు తీసుకునేది 60 వాట్లే అయితే నిలకడగా అంతకంటే ఎక్కువ ధ్వని శక్తి ఎలా ఇస్తుంది? శక్తి నిత్యత్వ నియమం దుకాణంలోనూ పనిచేస్తుంది. ఆర్‌ఎంఎస్ వాట్లు అడగండి. సామర్థ్యం రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెట్టింపు అనిపించాలంటే పది రెట్లు కావాలి. సాధారణ స్పీకర్ ఒక్క వాట్‌కే మీటరు దూరంలో 85 డెసిబెల్ దాకా ఇస్తుంది. మామూలు సంభాషణ 60. చిన్న గదికి వేల వాట్లు దేనికి? డబ్బు తక్కువైతే ఐదు నాసిరకం స్పీకర్లకంటే రెండు మంచివి కొనండి. మిగతావి తర్వాత చేర్చుకోవచ్చు.

7. చెవి, పొరుగు, హాస్టల్

85 డెసిబెల్ ధ్వనిని రోజుకు 8 గంటలకు మించి వింటే చెవికి హాని. 3 డెసిబెల్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగమవుతుంది. పోయిన వినికిడి తిరిగి రాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్ హద్దు పెట్టాయి. పక్క గదిలో పరీక్షకు చదువుకునే పిల్లవాడు ఒకప్పటి మనమే అని గుర్తుంచుకోవాలి.

పూర్వ విద్యార్థి మిత్రులకు ఒక విన్నపం. హాస్టల్‌కు ఏదైనా ఇద్దామనుకుని పెద్ద సౌండ్ బాక్సులు తెస్తుంటాం. బోడి గోడల హాలులో బాక్సులు పెద్దవైతే గోల పెద్దదవుతుంది. వెనుక వరుస పిల్లలకు పాఠం మాత్రం అందదు. ముందు కర్టెన్లు, జంపఖానాలు, వెనుక గోడకు పుస్తకాల అరలు ఇద్దాం. ఆ తర్వాత చిన్న స్పీకర్లు చాలు. సినిమాలో మాట వినపడకపోతే పోయేది సరదా. పాఠంలో మాట వినపడకపోతే పోయేది చదువు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ధ్వని ఒక ఉపాధి కూడా. కేరళకు చెందిన రసూల్ పూకుట్టి పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ విద్యే నేర్చి, ‘స్లమ్‌డాగ్ మిలియనీర్’కు 2009లో ఆస్కార్ అందుకున్నారు. భౌతికశాస్త్రాన్ని బట్టీ పట్టకండి, చేసి చూడండి.

చేసి చూడండి

1. మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి మూడు అనునాద పౌనఃపున్యాలు లెక్కించండి.

2. 40 × 20 × 12 అడుగుల బోడి హాలు ప్రతినాద కాలం ఎంత? (జవాబు: సుమారు 5 సెకన్లు. సబైన్ మందిరంతో పోల్చండి.)

3. అదే హాలులో 60 మంది కూర్చుంటే, ఒక్కొక్కరి శోషణం 0.4 అనుకుంటే, ఎంతకు తగ్గుతుంది? (జవాబు: సుమారు ఒకటిన్నర సెకన్ల లోపు.)

4. భోజనశాలలో ఒకసారి ఖాళీగా, ఒకసారి అందరూ ఉన్నప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టి తేడా రాసుకోండి.

అందరికీ మంచి చదువు, మంచి వినికిడి కలగాలని కోరుకుంటూ సెలవు.