విద్యాస్థాన నిర్ణయము – శ్రీరామానుజులు చూపిన మార్గము

కుమారునకు వేదమునో, ఆగమమునో, వేదాంతమునో చెప్పింపదలచిన వైష్ణవ గృహస్థునకు మొదట తోచు ప్రశ్న “ఏ పాఠశాలలో చేర్పవలయును?” అనునది. గురుకులమున చేరిన బాలుడు పెక్కు సంవత్సరము లచట గడపవలసినవాడు. కావున తొందరపడి చేసిన నిర్ణయము వాని బాల్యమునంతను వ్యర్థము చేయవచ్చును. ఈ విషయమున భగవద్రామానుజుల చరిత్రము మనకు దారిదీపము.

క్రీ.శ. 1017లో శ్రీపెరుంబూదూరున అవతరించిన రామానుజులు వేదాంతాధ్యయనమునకై కాంచీపురమున యాదవప్రకాశుల నాశ్రయించిరి. యాదవప్రకాశులు ప్రసిద్ధ పండితులు. అయినను ఛాందోగ్యోపనిషత్తునందలి ‘కప్యాస’ పదమునకు వారు చెప్పిన అర్థము భగవంతుని నేత్రములకు హీనమైన ఉపమానము కాగా, శిష్యుడు కన్నీరు కార్చెననియు, సూర్యునిచే వికసించిన తామర యని ఆ పదమునకు అర్థము చెప్పెననియు గురుపరంపరా గ్రంథములు తెలుపుచున్నవి. అచట పాండిత్యము కలదు; శిష్యుడు కోరిన భక్తిదృష్టి లేదు.

పిదప రామానుజులు విద్యాలయము యొక్క ప్రఖ్యాతిని చూడలేదు. ఏ విద్య ఎవరియందు నిలిచియున్నదో వారినే ఆశ్రయించిరి. మధురాంతకమున పెరియనంబివలన పంచసంస్కారములను పొందిరి. రహస్యార్థములకై శ్రీరంగమునుండి తిరుక్కోష్టియూరునకు 18 పర్యాయములు నడచిరి. తిరువాయ్‌మొళి అర్థమును తిరుమాలైయాండాన్ వలన గ్రహించిరి. తిరువరంగప్పెరుమాళ్ అరయరుకు శుశ్రూష చేసి విశేషార్థములను పొందిరి. తిరుపతిలో తమ మేనమామయగు తిరుమలనంబి సన్నిధిని ఒక సంవత్సరము శ్రీమద్రామాయణమును వినిరి. ఆచార్యులు ఐదుగురు, కాని అందరును ఆళవందారుల శిష్యులే. విద్యలు వేరైనను పరంపర ఒక్కటియే.

దీనినిబట్టి గృహస్థులు మూడు విషయములను విచారింపవలయును. మొదటిది విద్య. తిరుమల ధర్మగిరి పాఠశాలలో బాలురు వేదాగమములను కంఠస్థము చేయుదురు. తిరుపతిలో 1961లో విద్యాపీఠముగా నేర్పడి, 2020లో జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయమైన సంస్థలో శాస్త్రములను పట్టములకై చదువుదురు. రెండింటి ప్రయోజనము ఒకటి కాదు. రెండవది సంప్రదాయము. తిరుమలలో అర్చన వైఖానసము, తిరుచానూరున పాంచరాత్రము. ఒక ఆగమము ననుసరించు ఆలయమున సేవింపవలసినవానికి వేరొక ఆగమమును నేర్పిన ఫలమేమి? తమ వేదశాఖను, సూత్రమును, ఆగమమును ఇంటి పెద్దలనడిగి తెలిసికొనిన పిమ్మటనే పాఠశాలను వెదకవలెను.

మూడవది అధ్యాపకుల అనుష్ఠానము. ఇది ప్రకటనలలో కనబడదు. తండ్రి స్వయముగా వెళ్లి రెండు మూడు దినము లచట నుండి, అధ్యాపకులు సంధ్యావందనాదులను ఎట్లు నడుపుచున్నారో, తప్పు చదివిన బాలుని ఎట్లు దిద్దుచున్నారో చూడవలెను. బాలుని అభిరుచిని కూడ అడుగవలెను. కన్నీరు కార్చిన శిష్యుని హృదయమే నాడు దారి చూపినది గదా! భవనములను చూచి కాక ఆచార్యులను చూచి బిడ్డను అప్పగించిన గృహస్థునకు శ్రీనివాసుని అనుగ్రహము తప్పక లభించును.