వేసవి రాకమున్నే కారు సంరక్షణ

ఉద్దానపు గ్రామములనుండి రక్తశుద్ధికై పలాసకో టెక్కలికో వారమునకు రెండు మూడుమార్లు పోవు మూత్రపిండ రోగులలో పెక్కుమందికి అద్దెకారే ఆధారము. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనది. కాని మే నెల యెండలో దారిమధ్యను బండి నిలిచిపోయినచో రోగి గతి యేమి? పంచాయతీ సభ్యులు ఇట్టి బండ్ల యజమానులను ఫాల్గుణమాసముననే హెచ్చరింపవలెనని మా మనవి.

ముఖ్యమైనది రేడియేటరు. అందు నూతినీరు పోయువారు ఇంకను కలరు. ఆ నీటియందలి లవణములు గొట్టములలో పొరకట్టి ఇంజనును చల్లబడనీయవు. స్వేదనజలముతో కలిపిన కూలెంటునే పోయవలెను. ఇంజను వేడిగానున్నపుడు మూత తీయరాదు. మరిగిన నీరు ముఖముపై చిమ్మును.

టైర్లలో గాలిని ఉదయమే, బండి కదలకమున్నే చూడవలెను. పరుగుచే వేడెక్కిన టైరులో ఒత్తిడి పెరుగుట సహజము; దానిని చూచి గాలి తీయరాదు.

రక్తశుద్ధి రోగి వైద్యుడు చెప్పిన మేరకే నీరు త్రాగవలసియుండును. యెంత దాహమైనను ఓర్చుకొనవలసినదే. అందుచే బయలుదేరకముందే ఏ.సి. పనిచేయుచున్నదో లేదో చూచి, బండిని నీడనే నిలిపియుంచవలెను.