తగ్గని రక్తహీనత... గుర్దాలను అడిగి చూశారా?

ఇంట్లో అమ్మీజాన్ ముఖం పాలిపోయింది. ఒక అంతస్తు ఎక్కితే ఆయాసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8 వచ్చింది. షర్బతె ఫౌలాద్ మూడు సీసాలు ఖాళీ అయ్యాయి. ఖర్జూరం, దానిమ్మ, కలేజీ అన్నీ పెట్టారు. అయినా ఆ అంకె కదలడం లేదు. మీ ఇంట్లో ఇలాంటి పరిస్థితి ఉంటే, అందులోనూ ఆమెకు ఏళ్ల తరబడి షుగరో బీపీయో ఉంటే, ఈ వారం విషయం మీరు తప్పక చదవాలి.

తిబ్బె యునానీలో రక్తహీనతను ఫఖ్రుద్దమ్ అంటారు. రక్తానికి పట్టిన పేదరికం అని అర్థం. పాత గ్రంథాలలో దీనికి దగ్గరగా 'సూఉల్ ఖినియా' అనే వ్యాధి కనిపిస్తుంది. ఒళ్లు పాలిపోవడం, కనురెప్పలు ఉబ్బడం, కాళ్లూ చేతులూ వాయడం దాని లక్షణాలు. జిగర్ అంటే కాలేయం బలహీనపడితే ఇది వస్తుందనీ, ఇస్తిస్ఖా అంటే ఒంట్లో నీరు చేరే జబ్బుకు ఇది ముందు మెట్టనీ హకీములు చెప్పారు. రక్తం జిగర్‌లోనే తయారవుతుందని ఇబ్నె సీనా (980-1037) కాలపు వైద్యుల భావన. అది పూర్తిగా తప్పని కొట్టిపారేయకండి. తల్లి కడుపులోని బిడ్డకు కొన్ని నెలలపాటు రక్తకణాలు కాలేయంలోనే తయారవుతాయి. పుట్టాక ఆ పని ఎముక మూలుగకు, దానికి ఉత్తర్వులిచ్చే పని గుర్దాలకు, అంటే మూత్రపిండాలకు మారుతుంది. అందుకే పాలిపోవడం, వాపు జంటగా కనిపిస్తే నేను ఈనాడు ముందుగా గుర్దాలనే అనుమానిస్తాను.

ఆ ఉత్తర్వు పేరు ఎరిత్రోపోయిటిన్. ఇది ఒక హార్మోను. మీ అపార్ట్‌మెంట్ నీళ్ల ట్యాంకును గుర్తు తెచ్చుకోండి. ట్యాంకులో నీళ్లు తగ్గితే వాచ్‌మన్ చూసి మోటారు వేస్తాడు. గుర్దాలు ఆ వాచ్‌మన్. రక్తంలో ప్రాణవాయువు తగ్గిందని పసిగట్టి ఎరిత్రోపోయిటిన్‌ను వదులుతాయి. మోటారు ఎముక మూలుగ. బోరులోని నీరు ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులే కనుక ఈ మోటారు రోజూ తిరుగుతూనే ఉండాలి.

ఇప్పుడు ట్యాంకు ఎందుకు ఖాళీ అయిందో చూడండి. బోరు ఎండితే, అంటే ఇనుము లోపిస్తే, వాచ్‌మన్ మీట నొక్కుతూనే ఉంటాడు. హార్మోను మోతాదు పెరుగుతుంది, కానీ ఫలితం ఉండదు. మన దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వారిలో చాలామందికి ఇనుము లోపమే కారణం. వారికి ఫౌలాద్ పనిచేస్తుంది. కానీ గుర్దాలు దెబ్బతింటే వాచ్‌మనే నిద్రపోయినట్టు. హిమోగ్లోబిన్ 8కి పడినా హార్మోను పెరగాల్సినంత పెరగదు. అప్పుడు బోరులో ఎంత నీరు పోసినా ట్యాంకు నిండదు.

మూడో రకంలో మోటారే కాలిపోతుంది. దాన్ని ఏప్లాస్టిక్ అనీమియా అంటారు. అందులో వాచ్‌మన్ గొంతు చించుకుంటాడు, హార్మోను విపరీతంగా పెరిగి మూత్రంలో కూడా పోతుంది. ఈ సంగతే వైద్యానికి దారి చూపింది. జపాన్‌లో అలాంటి రోగుల నుండి సేకరించిన 2,550 లీటర్ల మూత్రంతో అమెరికా శాస్త్రవేత్త యూజీన్ గోల్డ్‌వాసర్ బృందం 1977లో శుద్ధమైన ఎరిత్రోపోయిటిన్‌ను వేరుచేసింది. అంత మూత్రం నుండి దక్కింది కొన్ని మిల్లీగ్రాములే! ఆ రోగుల బాధ లేకుంటే డయాలసిస్ రోగులకు ఈ సూది ఎప్పుడు దొరికేదో. తర్వాత దాని జన్యువును గుర్తించారు, 1989లో అమెరికాలో ఇంజెక్షనుకు అనుమతి వచ్చింది. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ కూడా షాన్‌పోయిటిన్ పేరుతో దీన్ని తయారుచేసింది. అంతకు ముందు డయాలసిస్ రోగులకు మాటిమాటికీ రక్తం ఎక్కించడమే గతి. 2022లో మన దేశంలో డెసిడుస్టాట్ అనే మాత్రకు కూడా అనుమతి లభించింది. అది శరీరం చేత సొంతంగా ఈ హార్మోనును తయారుచేయిస్తుంది.

అయితే ఒక హెచ్చరిక. హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిదని అనుకోకండి. 2006లో వెలువడిన అమెరికా అధ్యయనంలో మూత్రపిండ రోగులను రెండు జట్లుగా చేశారు. 13.5కు చేర్చాలని చూసిన జట్టులో, 11.3 లక్ష్యంగా పెట్టుకున్న జట్టుకంటే మరణం, గుండె, పక్షవాతం ఆపదలు కలిపి చూస్తే ఎక్కువ వచ్చాయి. అందుకే డాక్టరు 11 దగ్గర సూది తగ్గిస్తే "ఇంకా 13 రాలేదే" అని గొడవపడకండి. సూదితోపాటు ఇనుము నిల్వలు సరిపోవాలి, బీపీ అదుపులో ఉండాలి.

మరి ఎరిత్రోపోయిటిన్ పరీక్ష చేయించాలా? మామూలు రక్తహీనతకు అక్కర్లేదు, ల్యాబువాళ్లు ప్యాకేజీలో కలిపి ఇస్తామన్నా సరే. ముందు సీరం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, ఫెరిటిన్, బి12 చూపించండి. రక్తం మితిమీరి చిక్కబడిన వారికి మాత్రం ఈ పరీక్ష నిజంగా ఉపయోగపడుతుంది. హార్మోను తక్కువగా ఉంటే లోపం మూలుగలోనే ఉండవచ్చు. ఎక్కువగా ఉంటే ఊపిరితిత్తుల జబ్బు వంటి బయటి కారణం వెతకాలి.

గుర్దాలు బలహీనపడ్డాయని తేలాక కుష్తాలు, అంటే లోహ భస్మాలు, మీ అంతట మీరు వాడకండి. కుష్తె ఫౌలాద్ అయినా, ఖబ్సుల్ హదీద్ మాజూన్ అయినా సరే. మన మాగడి రోడ్డులో కొట్టిగెపాళ్య దగ్గర నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ యునానీ మెడిసిన్ ఉంది. తబీబును కలిసేటప్పుడు క్రియాటినిన్ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. వాడుతున్న అల్లోపతి మందులు దాచకండి. సూది మొదలైతే దానిని మానేసి షర్బత్‌తో సరిపెట్టడం ప్రమాదం.

ఇక ఇంజెక్షను సీసా సంగతి. ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రీజర్‌లో పెట్టకూడదు, గట్టిగా కుదపకూడదు. కడపకో మదనపల్లెకో పెళ్లికి బస్సులో వెళ్తుంటే ఐస్ డబ్బాలో తీసుకెళ్లండి. కానీ సీసాకూ ఐసుకూ మధ్య ఒక మందపాటి గుడ్డ చుట్టండి. ఒకసారి గడ్డకట్టిన మందును కరిగించి వాడకూడదు.