గ్రాఫులలో దూరములు: స్వేచ్ఛా గణిత సాఫ్ట్‌వేరుకు మనము చేయదగిన సేవ

అల్గారిథమ్ అను పదము తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదు నగరములో గణితశాస్త్రమును పెంపొందించిన అల్‌ఖ్వారిజ్మీ పేరునుండి పుట్టినది. ఎవరు చేసినను సరియైన ఫలితము వచ్చునట్లు, సమస్యను సాధించు వరుసను అడుగడుగునా తెలుపు విధానమునకే ఆ పేరు. గ్రాఫులయందలి దూరములను కనుగొను అట్టి విధానమొకటి తీసికొని, దానిని పదుగురికి పనికివచ్చు సాఫ్ట్‌వేరులో చేర్చునపుడు పాటింపవలసిన నియమమేమో ఈ వ్యాసమున వివరింపదలచినాము.

దూరము, వ్యాసము

కొన్ని బిందువులు, వానిలో కొన్ని జంటలను కలుపు రేఖలు చేరినచో గ్రాఫు అగును. ఒక బిందువునుండి మరియొక బిందువును చేరుటకు దాటవలసిన రేఖల కనిష్ఠ సంఖ్యయే వాని నడుమ దూరము. రేఖలకు వేరువేరు పొడవులున్నచో డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన పద్ధతి ఉపయోగపడును. అన్ని రేఖలను సమానముగా నెంచినచో అంత శ్రమ లేదు. మొదటి బిందువునకు పొరుగున నున్నవి ఒక పొర, వాని పొరుగున మిగిలినవి రెండవ పొర, ఇట్లు పొరలుగా వెదకిన చాలును.

ఏ రెండు బిందువుల నడుమ దూరము అన్నిటికంటె అధికమో, ఆ దూరమును గ్రాఫు వ్యాసము అందురు. ప్రతి బిందువునుండియు ఒకమారు వెదకినచో ఇది తప్పక దొరకును. కాని లక్ష బిందువులున్న గ్రాఫులో లక్షమారులు వెదకవలెను. కనుక దగ్గరి దారి కావలసివచ్చినది.

దగ్గరి దారి, దాని లోపము

ఏదేని బిందువునుండి వెదకి, మిక్కిలి దూరమున నున్న బిందువును గుర్తింపుడు. దానినుండి మరల వెదకుడు. రెండవమారు వచ్చిన గరిష్ఠ దూరమును గైకొనుడు. మన రైలు మార్గములలో కొన్నిటిని చూడుడు. కాజీపేటనుండి సికింద్రాబాదునకు, బల్లార్షాకు, విజయవాడకు ఒక్కొక్క రేఖ. విజయవాడనుండి గూడూరునకు, విశాఖపట్నమునకు ఒక్కొక్క రేఖ. కాజీపేటలో మొదలిడినచో దూరమైన వానిలో గూడూరు ఒకటి; దూరము 2. గూడూరునుండి సికింద్రాబాదునకు 3. వ్యాసము 3, సమాధానము సరియే. ఇట్లు చక్రములు లేని గ్రాఫులలో ఈ పద్ధతి ఎన్నడును తప్పదని నిరూపింపవచ్చును.

చక్రమున్నచో? క, ఖ, గ, ఘ అను నాలుగు బిందువులను చతురస్రముగా వరుసగా కలుపుడు. క వద్ద చ అను బిందువును, గ వద్ద ఛ అను బిందువును తగిలింపుడు. ఖ నుండి వెదకినచో ఘ, చ, ఛ మూడును 2 దూరమున నుండును. వానిలో ఘ ను ఎన్నుకొన్నచో, అక్కడినుండియు గరిష్ఠము 2 మాత్రమే. కాని చ నుండి క, ఖ, గ ల మీదుగా ఛ కు దూరము 4! ఆరు బిందువుల చిన్న గ్రాఫులోనే ఫలితము సగమునకు తగ్గిపోయినది.

అందుచేత ఈ పద్ధతి ఇచ్చునది వ్యాసము కాదు. వ్యాసము ఇంతకు తగ్గదు అను హామీ మాత్రమే. పైహద్దు వేరొక దారిన లభించును. ఖ నుండి ప్రతి బిందువు 2 దూరములోపల నున్నది గనుక, ఏ రెండు బిందువులైనను ఖ మీదుగా 4 లోపల కలియును. ఇక దూరపు పొరలోని బిందువులనుండి ఒక్కొక్కటిగా వెదకుచు పోయినచో, చ వద్ద 4 దొరకును. క్రింది హద్దు, పైహద్దు కలిసినవి. అక్కడితో ఆగవచ్చును, నిరూపణమును పూర్తియైనది. ఈ భావముపై నిర్మింపబడినదే ఐఫబ్ అను పద్ధతి. ఒక్కొక్కప్పుడు అన్ని బిందువులనుండియు వెదకవలసివచ్చినను, అనేక గ్రాఫులలో కొలది వెదకులాటలతోనే పని ముగియును.

చేర్చువాని బాధ్యత

2005లో విలియం స్టైన్ ఆరంభించిన సేజ్‌మ్యాత్ అను గణిత సాఫ్ట్‌వేరులో ఈ రెండు పద్ధతులును కలవు. దానికి వెల లేదు. లోపలి ప్రోగ్రాము నెవరైనను చదువవచ్చును, మార్చవచ్చును. క్రొత్త పద్ధతిని చేర్చగోరువారు వివరణమును, ఉదాహరణములను, పరీక్షలను ప్రోగ్రాముతోపాటు వ్రాయవలెను. మరియొకరు పరిశీలించి సమ్మతించిన పిమ్మటనే అది చేరును. 2023నుండి ఈ పని గిట్‌హబ్ వేదికపై జరుగుచున్నది.

ఈ నిబంధన లెందులకు? మొదటి పద్ధతిని వ్యాసమను పేరుతో ఎవరైన మౌనముగ చేర్చినచో, దానిని నమ్మిన పరిశోధకుని పట్టిక యంతయు తప్పగును. ఆ తప్పు ఎక్కడ పుట్టినదో అతనికి తెలియదు. మూసిన పెట్టెలాంటి సాఫ్ట్‌వేరులో చూచుటకును వీలుండదు. సేజ్‌మ్యాత్ వివరణములో అది క్రింది హద్దు మాత్రమే అని స్పష్టముగ వ్రాయబడియున్నది. వేగముకంటె ఆ ఒక్క వాక్యము విలువైనదని మా అభిప్రాయము. మన విధానము ఎంతవరకు నిజమో అంతవరకే చెప్పుట గణితమునకు ప్రాణము.

విద్యార్థులు పెద్ద పద్ధతులతోనే మొదలిడ నక్కరలేదు. పై ఆరు బిందువుల గ్రాఫువంటి ఉదాహరణమును కనుగొని పరీక్షగా వ్రాయుటయు, అస్పష్టమైన వివరణమును సరిచేయుటయు నిజమైన సేవలే. వానికి కావలసినవి కాగితము, పెన్సిలు, ఓపిక, ఒక సామాన్యమైన కంప్యూటరు. కళాశాల కమిటీవారు గణిత విభాగమున ఈ సాఫ్ట్‌వేరును నెలకొల్పి, వారమునకొక గంట దీనికై కేటాయించినచో, కొనుగోలు ఖర్చు లేకయే మన విద్యార్థులకు ప్రపంచ గణితజ్ఞుల సరసన పనిచేయు అవకాశము కలుగును. విద్య పంచినకొలది పెరుగునని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె చక్కని తార్కాణము వేరొకటి మాకు కానరాదు.