చేప చెప్పే నీటి రిపోర్టు

ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్‌లో మనమందరం సీసాలో చెరువు నీళ్ళు పట్టుకొచ్చి పీహెచ్, డీవో, బీవోడీ, సీవోడీ కొలిచినవాళ్ళమే. ఆ పరీక్షలు అవసరమే, కానీ వాటికి రెండు పరిమితులున్నాయి. ఒకటి, సీసాలోకి వచ్చేది ఆ నిమిషంలో అక్కడున్న నీరే. రాత్రి ఎవరో వదిలిన వ్యర్థాలు తెల్లారేసరికి దిగువకి వెళ్ళిపోయి ఉండొచ్చు. రెండు, మనం వెతికిన రసాయనమే దొరుకుతుంది, వెతకనిది దొరకదు.

చేప మాత్రం రాత్రీ పగలూ ఆ నీళ్ళలోనే ఉంటుంది. దాని ఒంట్లో వచ్చే మార్పుల్ని కొలిచి నీటి సంగతి తెలుసుకోవడమే బయోమార్కర్ పద్ధతి. మన భాషలో జీవసూచిక అందాం. "చేపలు బతికే ఉన్నాయి కదా, నీళ్ళు బాగున్నట్టే" అంటారు చాలామంది. అది నిజం కాదు. మన కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకోగలదు, ఆక్సిజన్ తగ్గిన నీళ్ళలోనూ బతికేస్తుంది. బతికి ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. ఆ తేడాని పట్టుకునే నాలుగు సూచికలు చూద్దాం.

1. పురుగుమందుల జాడ: నరం నుంచి కండరానికి సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్‌ని, పని అయ్యాక ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ విరగ్గొడుతుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి మందులు ఈ ఎంజైమ్‌ని కట్టిపడేస్తాయి. చేప మెదడు కణజాలంలో ఇది ఎంత చురుగ్గా ఉందో ఎల్‌మన్ పద్ధతిలో కొలుస్తారు. పసుపు రంగు వస్తుంది, దాన్ని స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 412 నానోమీటర్ల దగ్గర చదువుతారు. మందు నీళ్ళలోంచి పోయాక కూడా ఎంజైమ్ కోలుకోవడానికి రోజులు పడుతుంది. అంటే సీసా మర్చిపోయినదాన్ని చేప గుర్తుంచుకుంటుంది. పిచికారీ చేస్తూ పడిపోయిన రైతుకి ఆసుపత్రిలో చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష వెనక ఉన్నదీ ఇదే సూత్రం.

2. హార్మోన్ల జాడ: గుడ్డులో పచ్చసొనకి మూలమైన విటెల్లోజెనిన్ ప్రోటీన్ ఆడచేప కాలేయంలో, ఈస్ట్రోజెన్ ఆజ్ఞతో తయారవుతుంది. మగచేపలోనూ ఆ జన్యువు ఉంటుంది, కానీ మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. బ్రిటన్‌లో మురుగు శుద్ధి కేంద్రాల నీరు కలిసేచోట బోనుల్లో మగ ట్రౌట్ చేపల్ని ఉంచితే, వాటి రక్తంలో ఈ ప్రోటీన్ విపరీతంగా పెరిగింది. ఈ ఫలితాలు 1994లో వచ్చాయి. తర్వాత కెనడాలో ఒక ప్రయోగ సరస్సులో 2001 నుంచి మూడేళ్ళపాటు గర్భనిరోధక మాత్రల్లోని ఈస్ట్రోజెన్‌ని లీటరుకి 5 నుంచి 6 నానోగ్రాముల మోతాదులో కలిపారు. లెక్క వేసి చూశాను: 100 కోట్ల లీటర్లకి 5 గ్రాములు! ముందు మగ మిన్నో చేపల్లో విటెల్లోజెనిన్ పెరిగింది, ఆ తర్వాత ఆ సరస్సులో మిన్నోలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. సూచిక ముందే చెప్పింది, నష్టం తర్వాత కనబడింది.

3. పారిశ్రామిక విషాల జాడ: కొన్ని సేంద్రియ విషాలు ఒంట్లోకి వస్తే చేప కాలేయం సీవైపీ1ఏ అనే ఎంజైమ్‌ని పెంచుతుంది. దీనికి ఉదాహరణ మన దగ్గరే ఉంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రానికి సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చేది. శుద్ధి చేశాక బయటికొచ్చే నీళ్ళలోనే సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. ఆ నీటిని 500 రెట్లు పలచన చేసి ట్రౌట్ చేపల్ని అందులో ఉంచితే, సీవైపీ1ఏ స్పష్టంగా పెరిగిందని 2009లో ప్రచురించారు. అప్పట్లో ఆ నీరు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకి చేరేది. "వాగులో కలిస్తే పలచబడిపోతుందిలే" అనేవాళ్ళకి ఆ చేపల కాలేయం ఇచ్చిన జవాబు ఇది.

4. జన్యునష్టం జాడ: మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, చేపకి ఉంటుంది. డీఎన్‌ఏ దెబ్బతింటే కణవిభజన సమయంలో ఒక ముక్క విడిపోయి, పక్కన చిన్న కేంద్రకంలా మిగిలిపోతుంది. ఒక రక్తపు చుక్క, గాజు స్లైడు, గీమ్సా రంగు, మంచి మైక్రోస్కోపు, వేల కణాల్ని లెక్కపెట్టే ఓపిక ఉంటే చాలు.

జాగ్రత్తలు కూడా చెప్పుకోవాలి. మనం ఏ సెన్సర్‌నైనా క్యాలిబ్రేట్ చేయకుండా నమ్మం కదా, చేపా అంతే. నీటి ఉష్ణోగ్రత, గుడ్లు పెట్టే కాలం, వయసు, ఆడా మగా తేడా, ఇవన్నీ విలువల్ని మారుస్తాయి. అందుకే కాలుష్యం లేని ఎగువ ప్రాంతంలోని అదే జాతి చేపలతో, అదే కాలంలో పోల్చాలి. పైగా ఏదో హాని జరుగుతోందని సూచిక చెబుతుంది గానీ, ఫలానా రసాయనం ఫలానా గొట్టంలోంచి వచ్చిందని చెప్పదు. అది తేల్చడానికి మళ్ళీ కెమిస్ట్రీ పరీక్షలే కావాలి. రెండూ చేతులు కలిపితేనే కేసు నిలబడుతుంది.

ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుకుతున్న సివిల్, బయోటెక్ మిత్రులారా, నాలుగో పద్ధతితో మొదలుపెట్టండి. గైడ్‌తో మాట్లాడి జంతు ప్రయోగాల అనుమతుల సంగతి ముందే తేల్చుకోండి. మీ ఊరి చెరువులో మురుగుకాలువ కలిసేచోట కొన్ని చేపలు, దూరంగా శుభ్రమైన చెరువులో కొన్ని చేపలు. ఆ రెండు స్లైడుల మధ్య తేడా కనబడితే, మన చెరువు గురించి పంచాయతీకి చూపించడానికి మీ చేతిలో ఒక ఆధారం ఉంటుంది. ఎందుకంటే ఆ చేపలే ఆదివారం మన కంచాల్లోకి వచ్చేది.