టీకా తరువాత తలనొప్పి

టీకా వేయించుకున్న నాటి రాత్రి తల బరువెక్కడం, కణతలు లాగడం, ఒళ్లు వెచ్చబడటం చాలామందికి అనుభవమే. మందు వికటించిందని ఇంటివారు కంగారుపడతారు. నిజానికి ఆ బాధ చాలావరకు శరీరం తనంతట తాను కల్పించుకున్నదే.

టీకాలో రోగక్రిమి పూర్తి బలంతో ఉండదు. చంపినదో, బలహీనపరచినదో, దానిలోని ఒక చిన్న భాగమో ఉంటుంది. అయినా రక్తంలోని తెల్లకణాలు దానిని శత్రువుగానే పరిగణించి, తోటి కణాలను మేల్కొల్పడానికి సైటోకైన్లు అనే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వాటి ప్రభావం మెదడుకు చేరినప్పుడు జ్వరం, తలనొప్పి పుడతాయి. 1897 జనవరి 10న బొంబాయిలో వాల్డెమార్ హాఫ్‌కిన్ తాను రూపొందించిన ప్లేగు టీకాను మొదట తన ఒంటిపైనే ప్రయోగించుకున్నాడు. అందులో ఉన్నవి చచ్చిన క్రిములే అయినా ఆయనకు జ్వరం తప్పలేదు.

అయితే ప్రతి తలనొప్పినీ టీకా ఖాతాలో వేయడం న్యాయం కాదు. 2020లో జరిగిన ఫైజర్ కోవిడ్ టీకా పరీక్షలో కొందరికి టీకా, మరికొందరికి వట్టి ఉప్పునీరు ఎక్కించారు. ఎవరికి ఏది దక్కిందో వారికి తెలియదు. 16 నుంచి 55 ఏళ్ల వయసువారిలో, రెండవ మోతాదు తరువాత టీకా పొందినవారిలో నూటికి 52 మందికి తలనొప్పి వచ్చింది. ఉప్పునీరు పొందినవారిలో సైతం నూటికి 24 మందికి వచ్చింది! వారి బాధ నటన కాదు. నిద్రలేమి, మామూలుగా వచ్చే తలనొప్పి, వస్తుందేమోనన్న భయం ఆ సంఖ్యలో కలిసిపోయి ఉంటాయి. తలనొప్పి రాలేదు కనుక టీకా పనిచేయలేదేమోనని విచారించేవారూ లేకపోలేదు; రానివారికి కూడా రక్షణ కలుగుతుంది.

సాధారణంగా ఈ నొప్పి ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. విశ్రాంతి, మంచినీళ్లు, అవసరమైతే పారాసిటమాల్ చాలు. నొప్పి రాకముందే మాత్ర మింగడం మంచిది కాదు.

ఉపేక్షించరాని తలనొప్పి వేరు. కోవిషీల్డ్ టీకా తరువాత అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టిన సందర్భాలు బయటపడ్డాయి. మన దేశంలో అవి పది లక్షల మోతాదులకు ఒకటికి లోపేనని 2021 మే నెలలో కేంద్ర ప్రభుత్వం వెల్లడించింది. టీకా వేసిన ఇరవై రోజుల్లోపు తీవ్రమైన, ఎంతకూ విడవని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, సూది గుచ్చిన చోటికి దూరంగా చర్మంపై ఎర్రని చుక్కలు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని సూచించింది. మొదటి రాత్రి బెదిరిపోయినవారే రెండవ వారంలో వచ్చిన నొప్పిని మామూలుదిగా తీసిపారేసే ప్రమాదం ఉంది. టీకా వేయించుకున్న తేదీని వైద్యునికి చెబితే, ఆయన రక్తంలో ప్లేట్‌లెట్ల సంఖ్య తగ్గిందేమో పరీక్షింపజేస్తాడు.