అంకె చూసి మిక్సర్ కొనొద్దు

అమ్మాయికి,

నువ్వు పంపిన పట్టిక చూశాను. మిక్సర్లు, మిక్సర్-రికార్డర్లు, విడి ప్రీయాంపులు, ఒక్కోదాని పక్కన ఈఐఎన్ అంకె. మైనస్ 130 ఉన్నది పైన, మైనస్ 120 ఉన్నది అడుగున. శ్రద్ధగానే చేశావు గానీ, నువ్వు చేయబోయే పనికి ఆ వరసతో పెద్దగా సంబంధం లేదు. నువ్వు తీసేవి షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీ ఇంటర్వ్యూలు. అంటే మనుషుల మాట. మాట రికార్డు చేసేవాళ్లను ప్రీయాంప్ హిస్ ఇబ్బంది పెట్టేది చాలా అరుదు. ఫీల్డ్ మిక్సర్‌కి డబ్బు పెట్టాల్సింది వేరే గుణాలు చూసి. ఊరికే చెబితే నమ్మవు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

ముందు ఆ అంకె సంగతి. ప్రీయాంప్ తనంతట తాను పుట్టించే రొద, ఇన్‌పుట్ దగ్గరే ఉన్నట్టు లెక్కగడితే ఎంత అవుతుందో అదే ఈఐఎన్. మామూలుగా మైక్ బదులు 150 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి కొలుస్తారు. ఆ రెసిస్టరే, గది ఉష్ణోగ్రత దగ్గర, 20 కిలోహెర్ట్జ్ పరిధిలో మైనస్ 131 డీబీయూ రొద చేస్తుంది. అది ప్రకృతి గీసిన గీత, ఏ ఇంజినీరూ దాన్ని దాటలేడు. మంచి ఫీల్డ్ మిక్సర్లు 127, 128 దగ్గర ఉన్నాయంటే ఇక మిగిలింది మూడు నాలుగు డెసిబెల్సే. పైగా నీ పట్టికలోని అంకెలు ఒకే కొలబద్దవి కావు. సౌండ్ డివైసెస్ వాళ్ల మిక్స్‌ప్రీ-6కి నువ్వు రాసిన మైనస్ 130 డీబీవీలో ఉంది. డీబీయూలోకి మారిస్తే అది మైనస్ 128. జూమ్ ఎఫ్8కి రాసిన మైనస్ 127 మొదట్నుంచీ డీబీయూనే. నీకు మూడు డీబీ తేడాగా కనిపించింది నిజానికి ఒక్కటే. ఈ రెండూ ఏ-వెయిటింగ్‌తో, అంటే చెవి అంతగా పట్టించుకోని రొదను తగ్గించి లెక్కగట్టే పద్ధతిలో, గెయిన్ దాదాపు చివరిదాకా తిప్పి కొలిచినవి. వెయిటింగ్ లేకుండా కొలిచి నిజాయితీగా ముద్రించిన కంపెనీ ఇలాంటి పట్టికలో అన్యాయంగా కిందికి పోతుంది. గెయిన్ తగ్గించినప్పుడు ఈ అంకె ఎంత చెడుతుందో మాత్రం చాలా బ్రోషర్లలో ఉండదు.

ఇప్పుడు అసలు లెక్క. సినిమావాళ్లు ఎక్కువగా వాడే సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 తీసుకో. దాని సెన్సిటివిటీ పాస్కల్‌కి 25 మిల్లీవోల్టులు, సొంత రొద 13 డీబీ. ఒక పాస్కల్ అంటే 94 డీబీ శబ్దం కాబట్టి, మైక్ సొంత రొద దానికంటే 81 డీబీ కింద ఉన్నట్టు. 25 మిల్లీవోల్టులంటే సుమారు మైనస్ 30 డీబీయూ. అందులోంచి 81 తీసెయ్. ఏమీ వినపడని చోట పెట్టినా 416 నుంచి మైనస్ 111 డీబీయూ హిస్ వస్తూనే ఉంటుంది. దీనికి మైనస్ 128 ప్రీయాంప్ తగిలిస్తే మొత్తం హిస్ పెరిగేది డెసిబెల్‌లో పదో వంతు కూడా కాదు. నీ పట్టికలో అట్టడుగున ఉన్న మైనస్ 120 ప్రీయాంప్ తగిలించినా పెరిగేది అర డెసిబెల్. రెండు రొదలు కలిసినప్పుడు శక్తులు కలుస్తాయి గానీ డెసిబెల్స్ కలవవు. సంతలో ఒకడు గుసగుసలాడితే సంత గోల పెరగనట్టే. ఇక గది సంగతి చూడు. ఫ్యాను, ఫ్రిజ్ కట్టేసి, తలుపులు మూసిన గదిలో 30 డీబీ ఉందంటే అదృష్టమే. అదే మైక్ గుండా ఆ గది రొద మైనస్ 94 డీబీయూ దగ్గర వస్తుంది. మైక్ హిస్ కంటే 17 డీబీ పైన. ఆ గదిలో ఏ ప్రీయాంప్ ఎంత నిశ్శబ్దంగా ఉందో తేల్చి చెప్పగలిగే చెవి లేదు. దీనికి పక్కనే ఇంకో లెక్క పెట్టుకో. మీటరు దూరంలో ఉన్న బూమ్‌ను అర మీటరుకు దించితే, గది ప్రతిధ్వనిని పక్కన పెడితే, గొంతు 6 డీబీ పెరుగుతుంది. డబ్బు పెట్టి సంపాదించే అర డెసిబెల్ ఎక్కడ, చెయ్యి చాచి సంపాదించే ఆరు డెసిబెల్స్ ఎక్కడ!

దీనికి నువ్వు అడ్డు చెప్పగల మాట ఒకటుంది, అది న్యాయమైనదే. అందరూ 416 వాడరు కదా? నిజం. షూర్ ఎస్ఎమ్58 లాంటి డైనమిక్ మైక్ పాస్కల్‌కి రెండు మిల్లీవోల్టులు కూడా ఇవ్వదు. మీటరు దూరం నుంచి మామూలు మాట అందులోంచి మైనస్ 86 డీబీయూ దగ్గర వస్తుంది. దాని సొంత హిస్ కూడా చాలా తక్కువ కాబట్టి మైనస్ 120కీ మైనస్ 128కీ మధ్య తేడా దాదాపు పూర్తిగా చెవికి తెలుస్తుంది. అలాగే తెల్లవారుజామున అడవిలో పిట్టల్ని, వాగు దూరపు చప్పుడునీ పట్టేవాళ్లున్నారు. వాళ్లు రోడ్ ఎన్‌టీ1-ఏ లాంటి 5 డీబీ రొద మైక్ వాడతారు. దాని హిస్ మైనస్ 119 దగ్గర. దానికి మైనస్ 120 ప్రీయాంప్ కలిపితే రెండున్నర డీబీ చెడుతుంది, మైనస్ 128 అయితే అర డీబీ. వాళ్లు అంకెలు చూసి కొనడంలో తప్పు లేదు. నువ్వు రేపు పక్షుల వెంట పడితే అప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టి నీ పట్టిక తీసుకో.

హిస్ ముఖ్యం కాకపోతే అనుభవజ్ఞులు అంత ఖరీదు పెట్టి ఫీల్డ్ మిక్సర్లు ఎందుకు కొంటున్నారు? నువ్వు పట్టికలో గడి కూడా కేటాయించని లిమిటర్ కోసం. అర మీటరు దూరంలో బూమ్ ఉంటే మామూలు మాట 65 డీబీ చుట్టూ ఉంటుంది. అదే నటుడు ఒక్కసారిగా అరిస్తే 100 దాటుతుంది. మాటను నువ్వు మీటర్ మీద మైనస్ 20 దగ్గర పెట్టుకుంటే ఆ అరుపుకి ప్లస్ 15 కావాలి. డిజిటల్‌లో సున్నాకి పైన ఏమీ లేదు. అక్కడ పగిలిన టేక్‌ను ఏ ఎడిటరూ అతికించలేడు. మంచి మిక్సర్‌లో లిమిటర్ అనలాగ్‌లోనే, అంకెలుగా మారకముందే, వినపడకుండా పట్టేస్తుంది. చవక రికార్డర్లు కొన్నింట్లో అది డిజిటల్‌గా మారిన తర్వాత ఉంటుంది. పగిలిపోయాక చప్పుడు తగ్గించినా పగులు పగులే. లో-కట్ కథా ఇలాంటిదే. గాలి, బూమ్ కర్ర మీద వేళ్ల రాపిడి, రోడ్డు మీద లారీ, వీటి బలమంతా 80 హెర్ట్జ్‌కి దిగువన ఉంటుంది. గెయిన్ పెరిగే ముందే కోసేస్తే ప్రీయాంప్‌కి ఊపిరి ఆడుతుంది. ఎడిటింగ్‌లో కోద్దాంలే అనుకుంటే అప్పటికే అది నిండిపోయి మాటను కూడా వంకర చేసి ఉంటుంది. సౌండ్ డివైసెస్ 302 లాంటి మిక్సర్ల ఇన్‌పుట్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, సెల్‌ఫోన్ల గరగర లోపలికి రాకుండా అవి చాలావరకు ఆపుతాయి. చూడకుండా వేలు పెట్టగలిగే నాబ్‌లు, కెమెరాకి విడి అవుట్‌పుట్, బిగ్గరగా శుభ్రంగా వినిపించే హెడ్‌ఫోన్ యాంప్, వీటి విలువ మొదటి షూటింగ్ రోజే తెలిసిపోతుంది. వివరించను.

‘ఇప్పుడు 32 బిట్ ఫ్లోట్ వచ్చింది, గెయిన్ గొడవే లేదు’ అని నీ స్నేహితులు అంటున్నారన్నావు. అది సగం నిజం. ఆ ఫైలు రూపంలో 1,500 డీబీకి పైగా చోటుంది, మీటర్ దాటిన అరుపుని తర్వాత దించుకోవచ్చు. జూమ్ ఎఫ్6, మిక్స్‌ప్రీ రెండో తరం, రెండూ 2019లో వచ్చినవి, ఈ పని బాగా చేస్తాయి. కానీ ఆ చోటు ఫైల్లోనే ఉంది, దాని ముందున్న మైక్‌లో లేదు. 416 పరిమితి 130 డీబీ. వైర్‌లెస్ ట్రాన్స్‌మిటర్‌లో గెయిన్ ఎక్కువ పెడితే మాట అక్కడే పగులుతుంది, పగిలిన మాటను ఫ్లోట్ యథాతథంగా దాచిపెడుతుంది. డైరెక్టర్ చెవిలోకి, కెమెరాలోకి పోయే మిక్స్ కూడా ఆ క్షణాన సరిగ్గా ఉండాలి. ఫ్లోట్‌ను బీమాలా పెట్టుకో, చేతి పని నేర్చుకోవడం మానకు.

విడి ప్రీయాంప్ మాటకొస్తే, నీ పరిస్థితిలో అది అక్కరకొచ్చే సందర్భం ఒకటే. డీఎస్ఎల్ఆర్ 3.5 మిల్లీమీటర్ల మైక్ జాక్ లోపలి ప్రీయాంప్ నిజంగానే రొద. దాన్ని మానిపించలేం గానీ పని తగ్గించవచ్చు. కెమెరాలో ఆటో గెయిన్ ఆపేసి, లెవెల్‌ను కనిష్ఠం పైన ఒక గీత దగ్గర పెట్టి, బయటి మిక్సర్ నుంచి బలమైన సిగ్నల్ పంపు. మిక్సర్ 1 కిలోహెర్ట్జ్ టోన్ కెమెరా మీటర్లో మైనస్ 20 దగ్గర నిలిస్తే చాలు. నీ చేతి రికార్డర్ లైన్ ఇన్‌పుట్‌కి కూడా ఇదే పద్ధతి. అయితే కొన్నింట్లో ‘లైన్’ అని రాసి ఉన్నా లోపల సిగ్నల్‌ని తగ్గించి అదే మైక్ ప్రీయాంప్‌కి పంపుతారు, అది కొనే ముందే కనుక్కోవాలి. మూడు ఛానెళ్ల సెకండ్ హ్యాండ్ మిక్సర్ దొరికేటప్పుడు లిమిటర్ లేని ఒట్టి ప్రీయాంప్ మీద డబ్బు పోయడం నాకు దండగ అనిపిస్తుంది.

ఇక నీ చెవితో తేల్చుకునే దారి. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో 150 ఓమ్‌ల పావు వాట్ రెసిస్టర్ ఒకటి కొను. గోధుమ, ఆకుపచ్చ, గోధుమ గీతలుంటాయి. ఎక్స్‌ఎల్‌ఆర్ మేల్ ప్లగ్‌లో రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ మధ్య టంకం పెట్టి మూత బిగించు. పోల్చాలనుకున్న రెండు యంత్రాలకీ ఒకే మైక్ పెట్టి, ఒకే మాటకి మీటర్లు సమానంగా వచ్చేలా గెయిన్ సర్దు. గెయిన్ ముట్టుకోకుండా, మైక్‌కి పోయే ఫాంటమ్ పవర్ ఆపేసి, మైక్ తీసి ఈ ప్లగ్ పెట్టి రెండింటిలో హిస్ రికార్డు చెయ్. తర్వాత మళ్లీ మైక్ పెట్టి, ఫాంటమ్ వేసి, నువ్వు షూట్ చేయబోయే గదిలో అందర్నీ ఊరుకోమని ఒక నిమిషం రికార్డు చెయ్. ప్లగ్‌తో తేడా వినిపించి, గదిలో వినిపించకపోతే, ఖరీదైన దానికి నువ్వు కట్టబోయే ఎక్కువ సొమ్ము ఆ గదిలో ఎవరికీ వినపడదు. అప్పుడు రెండింటి ముందూ గట్టిగా అరిచి, లిమిటర్ ఏది బాగా పట్టిందో చూసి దాన్నే తీసుకో. ఆ నాలుగు ఫైళ్లూ, అరిచినవి రెండూ నాకు పంపు. డబ్బు కట్టేముందు పంపు.

ఉంటాను,
మీ బాబాయి